ఐసు పెట్టెలో గుప్పెడు ఉప్పు

ఫిబ్రవరి 3, మంగళవారం

సుక్కకి పిచ్చి రాకుండా సూది ఏసి ఏడాది నిండిపోనాది. నా కొడుకు దానేసు బుక్కులో ఉన్నాది — సుక్క, ఆడది, నల్లది, నుదుట తెల్ల మచ్చ, మా ఇల్లు. దాని కింద ఈదిలో మిగతా కుక్కలు. మొత్తం పద్నాలుగు. ఎవరి కుక్క, ఏ రంగు, ఏ రోజు సూది పడింది... అన్నీ వరసగా. ఆడి రాత సూస్తే కరెంటు తీగ మీద పిట్టలు కూకున్నట్టు ఉంటాది. ఒక్కటీ ఒరగదు.

ఆడు పోయి ఎనిమిది నెలలు. మూడు రోజుల జెరం... రాయలేను.

ఆడు రాసిన తరవాత కాగితాలన్నీ ఖాళీ. ఇయ్యాల్టి నుంచి నావి. ఐదో క్లాసుతో ఆగిపోయిన సెయ్యి. తప్పులుంటాయి. ఉండనీ.

ఫిబ్రవరి 4

ఎండుసేపలు తిరగేస్తా ఉంటే నిరుడు గుర్తొచ్చింది. ఇదే ఇసక. ఆడు బరంపురం ఎల్లి బడా బజారులో మందు బుడ్డీలు కొన్నాడు. నా సేపల ఐసు పెట్టెలో పెట్టుకుని మా ఊరు ఆర్యపల్లి దాకా తెచ్చాడు. పురుషోత్తంపూరులో పశువుల మందుల షాపులో రెండేళ్ళు పని సేసినోడు, సూది పట్టడం ఆడికి బాగా తెలుసు.

"ఆసుపత్రి ఎందుకే అమ్మా. ఆటోవోడు కుక్కని ఎక్కించుకోడు. అక్కడికి తీసుకెల్తే సగం భయంతోనే సస్తాది. ఇంటికాడైతే నీ ఒళ్ళో తొంగుంటాది."

తొంగుంది కూడా. సూది పడ్డట్టే తెలీలేదు దానికి. అది సూసి ఈదంతా ఆడి ఎనకాల. "డాక్టరు బాబూ, మా దానికీ..." నవ్వుతానే అన్నారు. నేను గుమ్మంలో నిలబడి సూసాను. పెళ్ళికొడుకుని సూసినట్టు సూసాను.

పెట్టెలో ఐసు నింపింది నేనే. గుప్పెడు ఉప్పు కూడా ఏసాను. ఉప్పు పడితే ఐసు ఇంకా సల్లబడతాది, వంజరం రాయైపోతాది. ముప్పై ఏళ్ళ యాపారం నాది. నాకు ఒకరు సెప్పాలా.

ఫిబ్రవరి 5

దానేసు నాన్న అన్నాడు — బండి మీద ఒకడు ఊర్లమ్మట తిరుగుతాడంట, ఇంటికొచ్చి ఏసేస్తాడంట, పిలువు. బుడ్డీ ఎక్కడెట్టుకొస్తాడని అడిగాను. సొక్కా జేబులో! ఈ ఎండకి జేబులో మందు ఉడికిపోదేటి. ఒద్దన్నాను. నా కొడుకు పెట్టెలో తెచ్చాడు. నేనూ పెట్టెలోనే తెస్తాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఛత్రపురం పశువుల ఆసుపత్రికి ఎల్లాను. పెట్టె నెత్తి మీదే. ఐసు, ఉప్పు, అన్నీ సిద్ధం.

డాక్టరమ్మ సిన్నపిల్ల. నా దానేసు ఈడే ఉంటాది. ఒడియా అమ్మాయి, ఒడియాలోనే మాట్లాడుకున్నాం, నన్ను మావుసీ అంటాది, పిన్నీ అన్నట్టు. "మందు ఇప్పించమ్మా, ఇంటికాడ ఏసుకుంటాం. పెట్టె తెచ్చుకున్నాను" అని మూత తీసి సూపించాను. మెచ్చుకుంటాది అనుకున్నాను. ఆవిడ లోపల సెయ్యి పెట్టి ఎంటనే తీసేసింది.

"మావుసీ, ఇందులో ఉప్పుందా?"

"ఉన్నాది. గుప్పెడు."

"సేపకి మంచిదే. మందుకి కాదు."

మందు సల్లగా ఉండాలంట. గడ్డ మాత్రం కట్టకూడదంట. ఉప్పు ఐసులో పెడితే బుడ్డీ గడ్డ కట్టేస్తాది. ఒక్కసారి గడ్డ కట్టిందా, మళ్ళీ కరిగినా అది మందు కాదు. సూడ్డానికి అలాగే ఉంటాది. సూదిలోకి అలాగే ఎక్కుతాది. లోపల బలం ఉండదు.

పెట్టె మూత మూసేసాను.

"మరి... తెలీక ఎవరైనా అలగ తెచ్చి ఏసేస్తే?"

"ఎయ్యనట్టే మావుసీ. మళ్ళీ ఎయ్యాలి. ఎవరైనా ఏసారా?"

లేదమ్మా, ఊరికే అడిగాను — అన్నాను.

సోమవారం కుక్కని ఇక్కడికే తీసుకురా, నేనే ఏస్తాను అంది. తల ఊపాను. బయటికొచ్చి కాలవలో ఐసు పారబోసాను. ఖాళీ పెట్టె... నిండు పెట్టె కంటే బరువు.

ఫిబ్రవరి 7

పద్నాలుగు కుక్కలు. ఒకటి మా ఇంట్లో. పదమూడు బయట.

ఫిబ్రవరి 8

ఆ రోజు బుడ్డీలు గడ్డ కట్టే ఉన్నాయి. ఇప్పుడు గుర్తొస్తన్నాది. ఆడు ఒక్కోటి రెండు అరసేతుల మజ్జన పెట్టి రుద్ది రుద్ది కరిగించాడు. "ఎంత సల్లగా ఉందో సూడే అమ్మా. నీ పెట్టె పెట్టే." నన్ను మెచ్చుకున్నాడు. నేను నవ్వాను.

ఫిబ్రవరి 9, సోమవారం

సుక్కకి తాడేసి రోడ్డు మీద నిలబడ్డాను. ఇద్దరు ఆటోవోళ్ళు ఆపనే లేదు. మూడోవోడు ఆపి "కుక్క దిగాక సీటు నువ్వు కడుగుతావా?" అన్నాడు. కడుగుతానన్నాను. నవ్వి ఎల్లిపోయాడు.

నడిసి ఎల్లొచ్చు. ఎల్లలేదు. నిజం రాసుకోవాలి గదా — ఎల్లబుద్ధి కాలేదు. ఎల్తే పక్క గుమ్మం పోలమ్మప్ప అడుగుతాది, నిరుడు మీవోడు ఇంటికాడే ఏసాడు గదే, ఇప్పుడు ఆసుపత్రికి ఏటి? అని. ఏటి సెప్పను.

తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. కుక్కల్ని కట్టెయ్యండి, ఒడ్డుకి ఒదలొద్దు అని ఫారెస్టోళ్ళు సెప్పి ఎల్లారు. సుక్కకి తాడు అలవాటు లేదు. రోజంతా గుర్రుగుర్రు.

ఫిబ్రవరి 10, మంగళవారం

సుక్క సిట్టిని కరిచింది.

పోలమ్మప్ప మనవరాలు. ఐదేళ్ళది. కట్టేసిన కుక్క తింటా ఉంటే గిన్నె లాగింది. మోచేతి కింద రెండు పళ్ళు దిగిపోయాయి. ఎత్తుకుని కొళాయి కింద పెట్టి బట్టల సబ్బుతో కడిగాను. పావుగంట కడగాలని దానేసే సెప్పేవోడు. పిల్లగుంట ఏడ్సి ఏడ్సి నా సీర కొంగు కొరికేసింది.

"ఆసుపత్రికి పద అప్పా" అన్నాను.

పోలమ్మప్ప పసుపు ముద్దతో వొచ్చింది. "ఒసే గురమ్మా, మతి పోనాదేటే నీకు? నీ కొడుకు సూది ఏసిన కుక్క. దానికి ఇసం ఎక్కడిదే? ఈ పిట్టంత గుంటకి అన్ని సూదులు పొడిపించమంటావా? మీ దానేసు ఏసాడంటే పెద్ద డాక్టరు ఏసినట్టే!"

అక్కడున్న అందరూ అవునన్నారు. ఒకరు కూడా కాదనలేదు. నా కొడుకుని అంతలా నమ్మారు. ఇంకో రోజైతే ఆ మాట పండగ నాకు.

కొళాయి కట్టేసి ఇంట్లోకి వొచ్చేసాను.

అదే రోజు, మజ్జేన్నం

దానేసు నాన్న వల బాగు సేస్తన్నాడు. దగ్గర కూకుని మొత్తం సెప్పేసాను. ఉప్పు, గడ్డ, డాక్టరమ్మ, శుక్రవారం అన్నీ.

సేతిలో దారం ఆగిపోయింది. "ఆడి పేరు బజార్న పెడతావా? సచ్చినోడు వొచ్చి ఇదీ సంగతని సెప్పుకోగలడేటే?"

దారం కిందెట్టేసాడు.

"సూది పని సెయ్యలేదని తెలిస్తే సుక్కని తెడ్లతో కొట్టి సంపేస్తారు. అది కూడా పోతే... ఆడిది ఏటి మిగుల్తాది ఈ ఇంట్లో."

నిజం. రెండు మాటలూ నిజమే. గోడవతల సిట్టి ఏడుపు మానేసి బొమ్మకి కట్టు కడతన్నాది. "ఏడవకే, కుక్క మంచిదే, సూదేసిన కుక్కే" అని బొమ్మకి సెప్తన్నాది.

లేచాను.

పోలమ్మప్ప గుమ్మం కాడ ఏడెనిమిది మంది. కూకోలేదు, నిలబడే సెప్పాను. "ఆ సూది పని సెయ్యలేదు అప్పా. మందు గడ్డ కట్టేసి పాడైపోనాది. గడ్డ కట్టించింది నాను. ఐసులో ఉప్పేసింది నాను. ఆడు సూది సరిగ్గానే ఏసాడు, పాడు సేసింది నా సెయ్యి. సిట్టిని తీసుకుని పద, సాయంత్రం ఆసుపత్రి మూసే లోపల ఎల్లాలి."

 పోలమ్మప్ప నన్నే సూస్తన్నాది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శుక్రవారం."

"శుక్రవారం!"

సిట్టిని ఎత్తుకుని రోడ్డు వైపు నడిసాను, పోలమ్మప్ప ఎనకే వొచ్చింది. 

ఫిబ్రవరి 11

నిన్న సాయంత్రమే ఎల్లాం. ఛత్రపురం పెద్దాసుపత్రి. పుండు సుట్టూ సూది, మళ్ళీ రెండు భుజాలకీ. సిట్టి అరిచిన అరుపు... దాని నానమ్మ మెడ కాదు, నా మెడ పట్టుకుంది. మూడో రోజు మళ్ళీ, ఏడో రోజు మళ్ళీ, ఆ తరవాత ఇరవై ఎనిమిదో రోజు.

కుక్కని సంపొద్దన్నారు. పది రోజులు కట్టి సూడాలి. తిండి మానేసినా, మత్తుగా పడున్నా, పిచ్చిగా సేసినా ఎంటనే కబురు సెయ్యాలి. పది రోజులు బాగుంటే దానికి ఏటీ లేనట్టే.

ఆటోలో పోలమ్మప్ప నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు గుంటని మాత్రం నా సేతికే ఇచ్చింది.

ఫిబ్రవరి 12

తెడ్లు పట్టుకుని ఇద్దరు వొచ్చారు. నేను లేచే లోపలే దానేసు నాన్న గుమ్మానికి అడ్డంగా కూకున్నాడు.

"పది రోజులు. ఆసుపత్రోళ్ళ మాట. ఈ లోపల దాని మీద సెయ్యి ఎయ్యాలంటే ముందు నా మీద ఎయ్యండి."

"మీ ఉప్పు తిన్నందుకు మా గుంటలు సావాలేటి మావా?" అన్నాడు ఒకడు.

"ఉప్పు మాట మా ఇంటిది ఒప్పుకున్నాది. నువ్వు ఎప్పుడైనా ఏదైనా ఒప్పుకున్నావేట్రా?"

ఎల్లిపోయారు. ఈయన పెళ్ళయిన కాడ్నుంచి నాలుగు ముక్కలు కలిపి మాట్లాడ్డం నేను ఎరగను. మొన్న మజ్జేన్నం ఒద్దన్న మనిషే... ఆయన అన్నంలో ఇంకో సేప ముక్క ఏసాను.

సుక్క తింది. పదిలో రెండో రోజు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సిట్టికి రెండో సూది. ఆటోలో అడిగింది — "మామ్మా, సుక్కకి కూడా ఏస్తారా?"

"ఎయ్యాలి."

"అయితే దాని సెయ్యి నాను పట్టుకుంటాను. నా సెయ్యి నువ్వు పట్టుకున్నావు గదా."

పోలమ్మప్ప బయటికి సూసింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో మరి.

అటు నుంచి అటే పశువుల ఆసుపత్రికి ఎల్లాను, దానేసు బుక్కు పట్టుకుని. డాక్టరమ్మకి దాచకుండా సెప్పాను. ఆ రోజు లేదన్నది అబద్దం, ఏసింది నా కొడుకు, ఉప్పు నాది. తిడతాది అనుకున్నాను. బుక్కు తీసుకుని సూసింది. తెలుగు రాదు ఆవిడకి. నేను ఒక్కోటి సదివి ఒడియాలో సెప్పాను, ఆవిడ రాసుకుంది. రంగు, ఆడా మగా, ఎవరి గుమ్మం, ఎప్పుడు. పద్నాలుగూ.

"ఇంత సక్కగా ఎవరు రాసారు మావుసీ? ఏ ఊర్నుంచీ ఇలాంటి జాబితా నాకు రాలేదు."

"నా కొడుకు."

ఎనిమిది నెలల్లో ఈ రెండు మాటలు ఏడవకుండా అన్నది ఇయ్యాలే.

అన్నింటినీ ఇక్కడికి తీసుకురాగలవా అంది. "ఒక్కదాన్నే ఆటోవోడు ఎక్కించుకోలేదమ్మా, పద్నాలుగు ఎలగ తేను? మీరే రండి మా ఈదికి. మందు మీ పెట్టెలో, కుక్కలు మా ఒళ్ళో."

గోడ మీద కేలండరు సూసింది. సోమవారం అంది.

ఫిబ్రవరి 14

పదమూడు గుమ్మాలు ఎక్కాను. పదమూడు సార్లు అదే మాట — నిరుడు పడిన సూది ఎక్కలేదు, తప్పు నాది, సోమవారం డాక్టరమ్మ వొస్తాది, కుక్కని కట్టి ఉంచండి. ఒకరు మొగం మీదే తలుపేసారు. ఎర్రమ్మ ఈదంతా ఇనబడేలా నవ్వింది. "కూరలో ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తాం గురమ్మా, మందులో ఎక్కువైతే ఏటి పోస్తాం?"

నవ్వనీ. నవ్వినా కుక్కని కడతానంది గదా.

మొదటి గుమ్మం కాడ నేల సూసి సెప్పాను. పదమూడో గుమ్మం కాడ గట్టిగా సెప్పాను.

ఫిబ్రవరి 15

సుక్క తింది. ఐదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఎలగ రాయను ఇయ్యాల్టి సంగతి.

డాక్టరమ్మ వొచ్చింది, ఇంకో మనిషి, నీలం పెట్టె. అందరి ముందూ నన్ను పిలిచి "నువ్వే తియ్యి మావుసీ" అంది. తీసాను. ఐసు విడిగా లేదు, పేకెట్లలో ఉంది. వాటి మీద గుడ్డ. మజ్జన బుడ్డీలు, ఎక్కడా ఐసు తగలకుండా. పక్కన సల్లదనం సూసే పుల్ల. "ముట్టుకో." ముట్టుకున్నాను. సల్లగా ఉంది. గడ్డ లేదు. ఇంతే! ముప్పై ఏళ్ళు ఐసుతో బతికి ఈ యాభైలో కొత్తగా నేర్సుకున్నాను. సిగ్గేటి ఇందులో.

ఇంటి కుక్కలు సులువుగానే అయ్యాయి. ఎవరి కుక్క వాళ్ళ ఒళ్ళో. ఆడి మాట నిజం, ఇంటికాడ అవి బెదరవు. ఒడ్డు మీద తిరిగే కుక్కలతోనే అసలు తంటా. డాక్టరమ్మ మనిషి ఒకదాని ఎనక పరిగెట్టి ఇసకలో బోర్లా పడ్డాడు. అప్పుడు దానేసు నాన్న ఇంట్లోకి ఎల్లి పాత వల తెచ్చాడు. మొన్న తెడ్లతో వొచ్చిన ఇద్దరూ సెరో కొసా పట్టుకున్నారు. సముద్రంలోంచి ఒడ్డుకి వల లాగినట్టే, రెండు పక్కలా పట్టుకుని మెల్లగా మూసుకుంటా వొచ్చారు. "లాగు... లాగు... ఒదులు... లాగు!" నాలుగు కుక్కలు ఒక్క లాగుకి. డాక్టరమ్మ నోరు తెరుసుకుని సూసింది. "మావుసీ, ఇది నాకు ఏ కాలేజీలోనూ సెప్పలేదు!"

పెట్టె మాత్రం నా దగ్గరే. ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఆవిడ మనిషి మూత తెరిచి వొదిలేస్తే "మూత ముయ్యి బాబూ, ఎండ తగుల్తాది!" అని కసిరాను. పాపం, ఉలిక్కిపడ్డాడు. డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది.

పద్నాలుగు అనుకున్నాం. ముప్పై ఒకటి. సుక్కని తియ్యగా ముప్పై ఒకటి. దానేసు రాసిన కిందే నేను రాసాను, ఒక్కోటీ, రంగుతో సహా. నా పిట్టలు తీగ మీద నిలబడవు, వంకర టింకర. అయినా ఆడి వరస కిందే ఉన్నాయి.

సుక్కకి మాత్రం ఎయ్యలేదు. కరిచిన కుక్కని పది రోజులు సూసాకేనంట.

అంతా అయ్యాక పోలమ్మప్ప టీ తెచ్చి నా సేతిలో పెట్టింది. "ఆ శుక్రవారం నాను మర్సిపోను గురమ్మా. సచ్చేదాకా మర్సిపోను. టీ సల్లారిపోతాది, తాగు."

తాగాను. పంచదార రెండు సెంచాలు ఏసింది, నాకు ఇష్టమైనట్టే.

ఫిబ్రవరి 17

సిట్టికి మూడో సూది. ఏడవలేదు. బయటికొచ్చి "నాను ఏడవలేదని అందరికీ సెప్పు మామ్మా" అంది. బస్సులో కనబడినోళ్ళందరికీ సెప్పాను.

ఫిబ్రవరి 18

తింది. ఎనిమిది.

ఫిబ్రవరి 19, గురువారం

తొమ్మిదో రోజు. పొద్దున ఏసిన కవళ్ళ సేపలు గిన్నెలో అలాగే ఉన్నాయి. ఈగలు ముసిరాయి. వాసన సూసి తల పక్కకి తిప్పేసుకుంది.

నీళ్ళు పెట్టాను. రెండు గుక్కలు తాగింది. తాగింది గదా... అది మంచిదే గదా.

డాక్టరమ్మకి ఫోను సేసాను. "ఇప్పుడే ఏటీ అనలేం మావుసీ. ఎండకి కూడా మానేస్తాయి, తాడు మీదుంటే కూడా మానేస్తాయి. ఎవరూ దగ్గరికి ఎల్లొద్దు. నేనొస్తన్నాను."

దానేసు నాన్న ఇయ్యాల పడవ ఎక్కలేదు.  గుమ్మానికి అటొకరం ఇటొకరం.

గోడ మీంచి సిట్టి పిలుస్తన్నాది. సుక్కా! సుక్కా! ఇది సెవులు లేపింది. లేవలేదు. పోలమ్మప్ప గుంటని లోపలికి లాక్కుంటా నా వైపు సూసింది.  నేను సెయ్యి ఊపాను, ఏటీ కాదులే అన్నట్టు.

సిట్టికి మూడు సూదులు పడిపోయాయి. కరిచిన రోజు సాయంత్రమే పడ్డాది మొదటిది. నేను నోరు తెరిచాను కాబట్టే పడ్డాది. ఇది గర్వం అంటే గర్వమే, రాసుకుంటాను. ఆ ఇంటికి ఏటీ అవదు. ఇంక ఏదైనా పోతే నా గుమ్మంలోదే పోతాది.

డాక్టరమ్మ ఇంకా రాలేదు. సుక్క కళ్ళు మూసుకోలేదు, నన్నే సూస్తన్నాది.